జిన్ మీదున్న కెప్టెన్

“పొద్దున్నే జిన్నా?” అన్నాడు పక్కింటి క్లారీ, కంచె మీద మోచేతులు ఆనించి.

శనివారం ఉదయం. సూర్యుడు ఇంకా యూకలిప్టస్ చెట్ల తలలు దాటలేదు గానీ ఎడారి మీంచొచ్చే ఉత్తరపు గాలి మాత్రం అప్పుడే పొయ్యి మూత తీసినట్టు కొడుతోంది. కెల్విన్ ట్రాంటర్ వెనక వరండాలో బల్ల మీద తన టీ-ట్రీ బోన్సాయ్ మొక్కను పెట్టుకుని దాని చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు. అంతకు క్షణం ముందు వంటింట్లో ఉన్న భార్యకు వినపడాలని అతను గొంతెత్తి అన్న మాట ఇది: “నోలీన్, ఇవాళ ఈ జిన్ ఒక్కటి కానిచ్చేస్తే ఇక నాకు దిగులు లేదు.”

జీవితంలో సగం ట్రాక్టరు మీద గడిపిన క్లారీకి చెవులు అంతంతమాత్రం. చెవి మిషను ఉంది, అది బ్యాటరీ ఆదా కోసమని చొక్కా జేబులో ఉంటుంది. చిత్రమేమిటంటే, ఆ పూట మాట సరిగ్గానే వినపడింది. అర్థమే వేరే సీసాలో పడింది.

“తాగేది కాదు క్లారీ,” అన్నాడు కెల్విన్. “జిన్ అంటే ఎండుకొమ్మ. బోన్సాయ్ వాళ్ళ మాట. బతికున్న చెట్టుకి ఒక కొమ్మ బెరడు ఒలిచేసి తెల్లగా ఎముకలా ఉంచుతాం. చెట్టుకి వయసు కనపడాలిగా.”

“వయసు నాకూ కనపడుతోందిలే. అందుకని పొద్దున్నే మొదలెడతామా?” క్లారీ గొంతు తగ్గించాడు. తగ్గించిన ఆ గొంతు వీధి చివరి దాకా వినపడింది. “నోలీన్‌కి తెలుసా?”

“తనకి చెప్పే చేస్తున్నా.”

క్లారీ తల అడ్డంగా ఊపి, చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. మామూలు రోజుల్లో అయితే కెల్విన్ వెనకాలే వెళ్ళి, చెవి మిషను పెట్టించి మరీ ఆ ముక్క నచ్చజెప్పేవాడు. కానీ వారం నుంచీ ఆ కంచె మీద మాటలు కొంచెం తడితడిగా నడుస్తున్నాయి. దానికో కారణం ఉంది.

డ్రై క్రీక్ ఊరికి ఆ పేరు పెట్టినవాడెవడో అబద్ధం ఆడలేదు. ఎండాకాలం వస్తే వాగు డ్రై, గడ్డి డ్రై, మనుషుల గొంతులు డ్రై. ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి కెల్విన్ కెప్టెన్. జీతం లేని కొలువు కనక గౌరవమే జీతం, దాన్ని అతను పైసా పోకుండా వసూలు చేసేవాడు. ఆరుబయట నిప్పు ముట్టించకూడదని అగ్ని నిషేధం ప్రకటించిన రోజున ఊళ్ళో ఎవడు అగ్గిపెట్టె గలగలలాడించినా కెల్విన్ అక్కడ ప్రత్యక్షం. కిందటి శనివారం అలాంటి రోజే. క్లారీ ఇంటికి మనవలొచ్చారు. ముసలాయన ముచ్చటపడి నిమ్మచెట్టు కింద కట్టెల పొయ్యి రాజేసి సాసేజీలు పరిచాడు. అవి ఇంకా ఎర్రబడకముందే కెల్విన్ బకెట్టుతో కంచె దాటాడు. “రూలు రూలే, క్లారీ,” అని బోర్లించాడు. నిప్పు ఆరింది, సాసేజీలు ఈదాయి, మనవలు ఉత్త రొట్టెకి టమాటా సాస్ పూసుకుని తిన్నారు.

ఇక బల్ల మీది మొక్క సంగతి. నిజానికి అది కూడా క్లారీ పొలంలోదే. పొలంలో నీటి చెరువు తవ్వించడానికి బుల్‌డోజరు పిలిచినప్పుడు, దాని పళ్ళకింద పడబోతున్న ఓ ముసలి పొదను కెల్విన్ నడుము విరిగేలా వేళ్ళతో సహా తవ్వి తెచ్చుకున్నాడు. అప్పటికి దాని మానుకి వంద మెలికలు, కొమ్మలకి జడలు. కెల్విన్ దానికి క్షవరం చేశాడు, తీగ చుట్టాడు, వంచాడు, కోశాడు. మన పొదకి జపాన్ పైన్ చెట్టు వేషం వేసి, కొమ్మకొమ్మకీ ఆకుల్ని దిండ్లలా గుండ్రంగా సర్దాడు. టీ-ట్రీతో ఓ చిక్కుంది. పచ్చని ఆకు దాటి వెనక్కి కోస్తే ఆ కొమ్మ ఇక చిగురించదు, చచ్చిందన్నమాటే. అందుకని కెల్విన్ కత్తెర పట్టిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టేవాడు. మంటల ముందు కూడా అతను అంత భయపడింది లేదు.

బోన్సాయ్ క్లబ్బు ప్రదర్శన మర్నాడు, ఊరి హాల్లో. న్యాయనిర్ణేత మ్యూరియల్ స్టబ్స్. ఆవిడ ఏటా కెల్విన్ చెట్టు ముందు నిలబడి, కళ్ళజోడు సవరించుకుని, ఒకే మాట అంటుంది: “పనితనం బాగుంది కెల్. కానీ ఇది మనూరి చెట్టా, టోక్యో నుంచి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిందా?” అని ఓ మెచ్చుకోలు కార్డు చేతిలో పెట్టి వెళ్ళిపోతుంది. ఆ కార్డులన్నీ కెల్విన్ బాత్రూములో వరసగా అంటించి ఉన్నాయి.

ఈసారి మిగిలింది ఒక్క జిన్. చెక్కడం అయిపోయింది గానీ కొమ్మంతా నార లేచి, గడ్డం గీయని మొహంలా ఉంది. దాని మీద గ్యాసు టార్చి మంట ఒక్కసారి అలా తడిమి, ఇత్తడి బ్రష్షుతో రుద్దేస్తే ఎముక తేలుతుంది. బోన్సాయ్ వాళ్ళందరూ చేసే పనే. కానీ బోన్సాయ్ వాళ్ళందరూ అగ్నిమాపక కెప్టెన్లు కారు, పైగా ఆ శనివారం కూడా నిషేధం రోజే.

నోలీన్ దళం పసుపు దుస్తుల్లో బయటికొచ్చింది. దళంలో ఫైరింజను నడిపేది ఆవిడే. ఇంట్లో కెప్టెన్‌ని నడిపేదీ ఆవిడే.

“నేను స్టేషన్‌కి పోతున్నా. ఈ గాలికి ఎప్పుడేం అంటుకుంటుందో. నువ్వు మాత్రం టార్చి జోలికి పోకు.”

“ఆరుబయట ముట్టించను, ఒట్టు.”

“నేను ఆరుబయట అన్లేదు.”

“నేనన్నాగా.”

నోలీన్ అతని మొహం కేసి ఓసారి చూసి, తాళంచెవులు తీసుకుని వెళ్ళిపోయింది.

కెల్విన్ కాసేపు మంచి పౌరుడిలా కూర్చున్నాడు. తరవాత మొక్కను ఎత్తుకుని బట్టలుతుకు గదిలోకి వెళ్ళి తలుపు వేశాడు, కిటికీ మూశాడు. క్లారీ సాసేజీల మీద నీళ్ళు గుమ్మరించిన కెప్టెన్ తానే నిషేధం రోజున నిప్పు ముట్టించాడని బయటపడితే, ఆ తరవాత ఊళ్ళో అతని మాటకి ఒక్క అగ్గిపుల్ల కూడా ఆరదు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసే, ఆకుల మీద తడి తువ్వాలు కప్పాడు. చేసేది తప్పైనా జాగ్రత్తగా చేస్తున్నానన్న తృప్తి అతనికి మిగిలింది.

టార్చి నీలంగా బుసకొట్టింది. నార మాయమైంది. ఎముక తేలింది. కెల్విన్ ఆనందం పట్టలేక చెట్టును కొంచెం పక్కకి తిప్పాడు, చెట్టుతో పాటు తువ్వాలు తిరగలేదు.

టీ-ట్రీ ఆకుల్లో నూనె ఉంటుంది. జలుబుకీ, పుండ్లకీ, కాళ్ళ పగుళ్ళకీ అది మంచిదని కెల్విన్ వాళ్ళమ్మ చెప్పేది. మంటకి ఇంకా మంచిదని మాత్రం చెప్పలేదు. భుస్సుమని మంట ఒక్క ఉదుటున లేచి, ఎడమవైపు దిండ్లన్నీ కాలి బూడిదయ్యాయి. దారిలో కెల్విన్ ఎడమ కనుబొమ్మ కూడా తగిలింది. కొమ్మతో పాటు కనుబొమ్మ. అతను టార్చి ఆపి, తువ్వాలు విసిరి, కుండీతో సహా చెట్టును తొట్టిలో పడేసి కుళాయి తిప్పాడు. మంట ఆరింది. సగం పొద పొగైంది. ఆ పొగకి ఊపిరాడక కిటికీ బార్లా తెరిచాడు. తెల్లటి పొగ మేఘంలా బయటికి దొర్లి, కంచె దాటి, క్లారీ నిమ్మచెట్టు మీదుగా తీరిగ్గా సాగిపోయింది.

తొట్టి మీద వంగి దగ్గుతున్న కెల్విన్ నడుముకున్న పేజరు కీచుమంది.

పేజరు మోగగానే అతని కాళ్ళు మెదడుని అడగవు. పరుగున బయటికొచ్చి, బండెక్కి, స్టేషన్ వైపు దూసుకుపోయాడు. పోస్టాఫీసు మలుపు దగ్గర గానీ పేజరులో అడ్రసు చదవలేదు. చదివి బ్రేకు తొక్కాడు. తాను పారిపోయి వస్తున్న ఇంటికే తాను ఆదుకోవడానికి వెళ్ళాలి. దళం రేడియో తీసి “అది నేనే, ఆర్పేశా” అంటే అక్కడితో అయిపోయేది. కానీ ఆ జిల్లాలో సగం వంటిళ్ళలో, ఎండాకాలం పొడుగునా, అందరూ చెవులొగ్గి వినే పాటల కార్యక్రమం ఆ రేడియోయే. కెల్విన్ రేడియో మళ్ళీ కింద పెట్టాడు.

ఎదురుగా ఫైరింజను వచ్చి ఆగింది. నోలీన్ తలుపు తీసింది. వెనక సీట్లో దళం సభ్యుడు వెర్న్ ఉన్నాడు, ఊళ్ళో మాంసం కొట్టు అతనిదే.

“అడ్రసు చూశావా?” అంది నోలీన్.

“చూశా.”

“మనింటిదే.”

“అవును.”

కెల్విన్ తన బండి అక్కడే వదిలి ఎక్కాడు. ఫైరింజను కదిలింది. నోలీన్ ముక్కు ఎగబీల్చింది. “నీ దగ్గర ఏంటా వాసన?”

“దగ్గు మందు.”

నోలీన్ రోడ్డు మీంచి చూపు తిప్పి అతని మొహం కేసి చూసింది. “దగ్గీ దగ్గీ కనుబొమ్మ ఊడొచ్చిందా?”

కెల్విన్ శిరస్త్రాణం పెట్టుకుని, పొగ ముసుగు తగిలించుకున్నాడు. ఆ రోజున ముసుగు అవసరం అతనికి నిజంగానే ఉంది.

ఇంటి ముందు జాతర. పక్క ఊరి ఫైరింజను వచ్చింది, అంబులెన్సు వచ్చింది, పోలీసు వచ్చాడు, వీళ్ళందరూ ఎందుకొచ్చారో చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. క్లారీ అత్యవసర నంబరైన మూడు సున్నాలకు ఫోన్ చేసి పొగ సంగతి చెప్పి ఊరుకోలేదు. ఇంట్లో మనిషి పొద్దుటి నుంచీ జిన్ మీద ఉన్నాడనీ, ఒళ్ళు తెలియకుండా లోపలే పడుంటాడనీ కూడా చెప్పాడు. చెప్పి, తోట పైపు పట్టుకుని కంచె మీంచి యుద్ధం మొదలెట్టాడు. గురి కిటికీకే, కానీ తడిసింది దండెం మీది నోలీన్ దుప్పట్లు. పక్క ఊరి వాళ్ళు ఇంకో పెద్ద పైపుతో పడగ్గది కిటికీలోకి కొట్టారు, అక్కడ పొగా లేదు నిప్పూ లేదు. వంటింట్లోంచి వాగు పారింది. ఇద్దరు ముందు తలుపు మీద గొడ్డలి ఎత్తారు. కెల్విన్ ముసుగులోంచి “తాళం వెయ్యలేదు, తాళం వెయ్యలేదు” అని అరిచాడు. వాళ్ళకది “తొందరగా వెయ్యండి” అని వినపడిందో ఏమో, ఇంకో రెండు వేశారు.

ఆ సందట్లో అతని చెయ్యి ఎవరో పట్టుకున్నారు. క్లారీ. ఒళ్ళంతా తడిసి ఉన్నాడు, నీళ్ళు కళ్ళలోవో పైపులోవో తెలియడం లేదు. ముసుగు వెనక ఎవరున్నదీ ఆయనకి తెలియదు.

“బాబూ, వాణ్ణి బయటికి తీసుకురా,” అన్నాడు. “మా కెల్ లోపలున్నాడు. మంచోడు బాబూ. నా సాసేజీల మీద నీళ్ళు పోశాడు, ఆ కోపంతో వారం నుంచీ సరిగ్గా మాట్లాడలేదు నేను. పొద్దున వచ్చి సీసా లాక్కోవాల్సింది. లాక్కోలేదు.”

కెల్విన్ ముసుగు తీశాడు.

క్లారీ చాలాసేపు చూశాడు. “బతికే ఉన్నావా,” అన్నాడు. తరవాత కొంచెం దూరం జరిగి, “ఎంత తాగితే ఇంత వాసనొస్తుంది రా?” అన్నాడు.

పోలీసు గొట్టం అందించి ఊదమన్నాడు. కెల్విన్ ఊదాడు. సున్నా వచ్చింది. “మిషను పాడైనట్టుంది,” అన్నాడు క్లారీ, మిషన్ల సంగతి తెలిసినవాడిలా.

పక్క ఊరి కెప్టెను పొగకి కారణం ఏమిటని అడిగాడు. కెల్విన్ ముసుగు మళ్ళీ తగిలించుకోబోయాడు. అతని బదులు నోలీన్, “ఇంకా చూస్తున్నాం,” అంది. అప్పటికే ఆవిడ చూసేసింది. తొట్టిలోంచి చెట్టును తీసి, ఎవరి కంటా పడకుండా ఫైరింజను వెనక అరలో పెట్టి టార్పాలిన్ కప్పేసింది. అందరూ వెళ్ళాక, తడి సోఫా మీద మొగుడి పక్కన కూర్చుని ఒకే మాట చెప్పింది.

“ఇది నా నోటితో ఎవరికీ చెప్పను. నువ్వే చెప్పాలి. ఎప్పుడు చెబుతావో నీ ఇష్టం.”

సాయంత్రానికి దక్షిణపు గాలి తిరిగి ఊరు చల్లబడింది. నిషేధం ఎత్తేశారు. కెల్విన్ మర్నాటి ప్రదర్శన సంగతి మనసులోంచి తుడిచేసి ఇల్లు తుడవడం మొదలెట్టాడు. కానీ స్టేషన్‌కీ ఊరి హాలుకీ మధ్య ఒకటే గోడ. ఫైరింజను కడుగుతున్న వెర్న్‌కి వెనక అరలో కుండీ కనిపించింది, దానికి ప్రదర్శన చీటీ కట్టి ఉంది, చీటీ మీద కెల్విన్ పేరు ఉంది. పాపం ఇంటి గొడవలో మర్చిపోయినట్టున్నాడని జాలిపడి, వెర్న్ దాన్ని మోసుకెళ్ళి హాల్లో బల్ల మీద పెట్టి వచ్చాడు. ఆ చెట్టు ముందెలా ఉండేదో అతనికి తెలియదు. బోన్సాయ్ అంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు.

ఆదివారం హాలు బయట దళం వాళ్ళ సాసేజీల పొయ్యి. కెల్విన్ ఉల్లిపాయలు తిరగేస్తూ తల దించుకుని ఉండగా, లోపల మైకులో అతని పేరు మోగింది. ఒకసారి కాదు. వెళ్ళక తప్పలేదు.

హాలు నిండా జనం. బల్ల మీద అతని చెట్టు. ఎడమ సగం నల్లగా కాలి, ఆ నలుపు మధ్యలో జిన్ తెల్లగా మెరుస్తోంది. కుడి సగం తొట్టిలో కుళాయి దెబ్బకో, టార్పాలిన్ కింద నలిగో దిండ్లన్నీ చెదిరి, గాలివాలుకి వంగినట్టు ఓ పక్కకి ఒరిగి పచ్చగా ఉంది. కుండీకి నీలం రిబ్బను కట్టి ఉంది. మొదటి బహుమతి.

“ఏటా ఈయన చెట్టుని ఏమనేదాన్నో మీకు తెలుసు,” అంటోంది మ్యూరియల్. “ఈసారి నా నోరు మూయించాడు. ఆ పైన్ వేషం ఊడబీకేశాడు. ఇది చూడండి. మంట వచ్చింది, సగం పోయింది, మిగతా సగం మొండిగా నిలబడింది. మన కొండల మీద ఏ టీ-ట్రీని చూసినా ఇలాగే ఉంటుంది. కెల్, ఈ కాలిన రూపం తేవడానికి ఎన్నాళ్ళు పట్టింది?”

మైకు కెల్విన్ మొహం ముందుకొచ్చింది.

రెండేళ్ళు అంటే చాలు. అందరూ నమ్మేవారు. నిజంలో సగమే చెప్పినా చాలు. అతను జనం కేసి చూశాడు. గోడ దగ్గర నోలీన్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముందు వరసలో క్లారీ, ఉతికిన చొక్కాలో. చెవి మిషను జేబులో లేదు, చెవిలో ఉంది. “ఆ పొద నా పొలందే,” అని పక్కావిడకి గర్వంగా చెబుతున్నాడు.

“రెండు క్షణాలు,” అన్నాడు కెల్విన్.

జనం నవ్వారు, చమత్కారం అనుకుని. అతను మైకు దగ్గరికి లాక్కుని, మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. బట్టలుతుకు గది, టార్చి, జారిన తువ్వాలు, పోయిన కనుబొమ్మ, పోస్టాఫీసు మలుపు, ముసుగు. తన ఇంట్లో తన కోసం వెతుకుతుంటే తాను పక్కన నిలబడి చూడటం. నిన్న తాను తాగింది పొగ తప్ప ఇంకేమీ లేదనీ, జిన్ అంటే ఇదిగో ఈ తెల్ల కొమ్మేననీ వేలు పెట్టి చూపించాడు. “నిషేధం రోజున నిప్పు పెట్టిన కెప్టెన్ మీకెందుకు? ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇవ్వండి,” అని ముగించాడు.

క్లారీ చెవి మిషను ఇంకొంచెం లోపలికి నొక్కుకున్నాడు.

“అంటే నువ్వు తాగలేదా?”

“లేదు క్లారీ.”

“తాగకుండానే ఇంత పని చేశావా?”

అప్పుడు లేచిన నవ్వుకి బల్లల మీది బుల్లి చెట్లు ఊగాయి. వెర్న్ కళ్ళు తుడుచుకుంటూ, దళానికి ఇంకో కెప్టెన్ని వెతికే ఓపిక లేదన్నాడు. టార్చి ఇకనుంచి తన దగ్గరే ఉంటుందనీ, ఎండాకాలం వెళ్ళాక అడిగి తీసుకోవచ్చుననీ నోలీన్ ప్రకటించింది. కెల్విన్ రిబ్బను విప్పి మ్యూరియల్ చేతికివ్వబోయాడు. ఆవిడ తీసుకోలేదు.

“నేనిచ్చింది చెట్టుకి,” అంది. “నీకు కాదు.”

బయటికొచ్చేసరికి కెల్విన్‌కి రెండు రోజులుగా లేని ఆకలి వేసింది. వెర్న్ రొట్టెలో సాసేజీ పెట్టి, ఉల్లిపాయలు దట్టంగా వేసి అందించాడు. అతను నోరు తెరిచాడు. చల్లగా ఏదో పడింది. సాసేజీ రొట్టెలోంచి జారి నేల మీద ఈదింది. వెనక క్లారీ, చేతిలో ఖాళీ బకెట్టు.

“రూలు రూలే, కెప్టెన్.”

“నిషేధం నిన్ననే ఎత్తేశారు, క్లారీ.”

క్లారీ చెవి మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. “ఏమన్నావ్? వినపట్లా.”

ఆ రెండు రోజుల్లో డ్రై క్రీక్‌లో నీళ్ళు సరిగ్గా పడవలసిన చోట పడింది ఆ ఒక్కసారే.